అక్క పడిన వైపు

ల్యాబులో అతన్ని గోళ్ల మాస్టారంటారు. కంప్యూటర్ లెక్క తేలేదాకా గోళ్లు కొరుకుతాడు, పది వేళ్లూ అయిపోతే పెన్ను మూత నములుతాడు. కణాలు తిండిని ఎలా ఖర్చుపెట్టాలో నిర్ణయించే జన్యువులు చూసి, రొమ్ము క్యాన్సర్ ఎవరికి తిరగబెట్టవచ్చో లెక్కగట్టడం అతని పని. వచ్చిన మార్కుల వరసలో జాబితాని సరిగ్గా మధ్యకి కోస్తారు కాబట్టి ఎప్పుడూ సగం మంది ప్రమాదం వైపు, మిగతా సగం ఇవతల. ఈసారి, ఆ జబ్బుకి చికిత్స చేయించుకున్న సొంత అక్క నంబరు అటు పడింది. ఒక జన్యువు తీసేసి మళ్లీ లెక్క వేశాడు. ఇంకోటి తీశాడు. పదకొండోసారికి అక్క ఇవతలికి వచ్చింది.

అంతలో అక్కే ఫోన్ చేసింది. "ఏరా, ఏమంటోంది నీ డబ్బా?"

"బాగానే..." అంటూ తెర చూశాడు. అక్క ఖాళీ చేసిన చోటికి ఇంకెవరి అక్కో వెళ్లి కూర్చుంది. తీసేసిన జన్యువులన్నీ వెనక్కి పెట్టాడు.

"రేపు డాక్టర్ దగ్గరికి నేనూ వస్తానక్కా."



"అర్థమైందిలే. వచ్చేటప్పుడు ఆ ఏడుపు మొహం ఇంట్లో పెట్టి రా."