గుండుకు ముందు జడ

బోధన్ బస్సులో నా పక్కన కూర్చున్న ట్రాన్స్ యువతి నడుము దాటిన జుట్టు విప్పుకుని, “అక్కా, జర జడ అల్లుతవా?” అని అడిగింది.

“గింత మంచి జుట్టు! ఏం నూనె రాస్తవు?” అన్నాను అల్లుతూ.

“మురిపెం అక్కా,” అని నవ్వింది. “ఇయ్యాల్టితోని అయిపాయె. బాపు సచ్చిపోయిండు. చీర కట్టిన్నని ఎల్లగొట్టినోళ్లే, కొడుకువు గదా, గుండు గీయించుకొని తలకొరివి పెట్టుమంటున్నరు.”

“బిడ్డ పెడితే కట్టెలు కాలవా? జడతోనే పెట్టు,” అన్నాను కోపంగా.

“గట్లయితే బాపు మొఖమే సూడనియ్యరంట.”

నిప్పుకు ఆడా మగా తెలియదని ఎన్నో సభల్లో వాదించిన నేను, ఆగిన చోటి నుంచి మళ్లీ అల్లాను. ఆమె దిగిపోయింది. బస్సు కదిలేటప్పుడు, చెరకు తోట పక్కన జడను ముందుకు వేసుకుని, రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉంది.