మా మేస్త్రీ చేతికర్ర

ఆగస్టు పద్నాలుగు, గురువారం. పొద్దున ముసురు, మధ్యాహ్నం నుంచి తెరిపి. మేకలకు కొమ్మ నరికి వేశాను. గోల్‌కీపర్ గ్లవ్స్ ఉతికి తీగ మీద ఆరేశాను, ఇంకా ఆరలేదు.

రోజూ నేను రాసేది ఇంతే. వాన పడిందా, ఏం పని చేశాం, ఎన్ని గెలలు దిగాయి, ఇంట్లోకి ఏం తెచ్చాం. ఈ రోజు అక్కడితో ఆపలేకపోతున్నాను. మా మేస్త్రీ పోయాడు. పోయి రెండు వారాలైనా ఆయన గురించి ఒక్క ముక్క రాయలేదు. నాకు మాట్లాడటం రాదు. రాయడం కూడా ఎవరూ నేర్పింది కాదు, ఎరువు బస్తాల మీద అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్నదే. అయినా రేపటి లోపల రాయాలనిపిస్తోంది. ఎందుకో చెబుతాను.

మాది అశ్వారావుపేట దగ్గర పామాయిల్ తోటల్లో గెలలు కోసే ముఠా. ముఠాకు ఆయన పెద్ద. మా ఫుట్‌బాల్ టీముకు కెప్టెన్ కూడా ఆయనే. పొద్దున కోతకు పోయేవాళ్లమే సాయంత్రం అడవి కందకం పక్కన బీడులో ఆడతాం. అందుకని ఆయనకు రెండు పేర్లు అవసరం పడలేదు. తోటలోనూ మైదానంలోనూ మేస్త్రీయే.

కబురు వచ్చినప్పుడు మేము తోటలోనే ఉన్నాం. సమ్మయ్య పొడుగు గడ ఎత్తి, దాని కొసన ఉన్న కొడవలిని గెల కాడకు తగిలించి సగం కోశాడు. ట్రాక్టర్ నడిపే జానీ చేతిలో ఫోనుతో బాట మీద నుంచి వస్తున్నాడు. జానీ ఎప్పుడూ ఉరికి వస్తాడు, అరుచుకుంటూ వస్తాడు. ఆ రోజు నడిచి వచ్చాడు. మేస్త్రీ ఉన్న ఖమ్మం దవాఖానా నుంచేనా ఫోను అని ఎవరూ అడగలేదు. సమ్మయ్య కొడవలి తప్పించి గడ దించాడు. గెల సగం తెగి అట్లాగే ఉండిపోయింది.

గెల కోయడం చూడనివాళ్లకు ఒక మాట చెప్పాలి. పామాయిల్ గెల నిండా ముళ్లు, ఎత్తితే నడుము పట్టేసేంత బరువు. అది పడేటప్పుడు కింద మనిషి ఉండకూడదు. కోసేవాడికి పైన గెల తప్ప కింద ఏమీ కనిపించదు. కింద రాలిన పండ్లు ఏరే ఆడవాళ్లకు పైన కొడవలి కనిపించదు. అందుకని మేస్త్రీ ఒక కట్టడి పెట్టాడు. చెట్టు కింద ఒక్క గొంతే వినపడాలి. "జరుగుండ్రి" అనేది ఆయనే, "కొయ్" అనేది ఆయనే. మిగతావాళ్లు నోరు మూసుకోవాలి.

"ఇద్దరు చెప్తె కోసెటోడు ఎవని మాట ఇనాలె? ఇద్దరూ మంచోళ్లే అయినా, గెల ఎవని నెత్తి మీదనో పడ్తది," అనేవాడు.

ఆ కట్టడినే ఆటలోకి తెచ్చాడు. ఆయన భద్రాచలం దిక్కు హాస్టల్లో ఉన్నప్పుడు ఆట నేర్చుకున్నాడట. గోల్ ముందు డిఫెన్స్‌లో నిలబడేవాడు. ఆయన గోల్ కొట్టగా నేను ఎన్నడూ చూడలేదు. టాస్ గెలిస్తే కళ్లలో ఎండ పడే వైపే కోరుకునేవాడు. దాని మీద జానీ ప్రతిసారీ గొడవ పెట్టుకునేవాడు.

"ఎవలన్న ఎండను అడుక్కుంటరానె?"

"అలవకముందు నీడెందుకురా నీకు, పండుకుంటవా?"

ఆట నడుస్తుండగా ఎవరినీ తిట్టేవాడు కాదు. పేరు పెట్టి పిలిచేవాడు, ఎటు పోవాలో చెప్పేవాడు, అంతే. తిట్టేది ఉంటే తెల్లారి తోటలో, ఆ ఒక్కడినే పక్కకు పిలిచి. "ఓడిన తెల్లారి నాకే జరమెందుకొస్తదో మీకెర్కేనా?" అని జానీ అందరినీ నవ్వించేవాడు.

నన్ను గోల్‌లో నిలబెట్టింది ఆయనే. "నువ్వు మాట్లాడవు, కొట్లాడవు. ఆడ నిలబడు. కండ్లుంటె చాలు," అన్నాడు. కొన్నాళ్లకు మాట మార్చాడు. "తమ్మీ, ఎనక నిలబడ్డోనికి అందరి ఈపులు కనవడ్తయ్. చూసినోడు చెప్పకపోతె చూడనట్టే." నేను తల ఊపేవాడిని. చెప్పే పని ఆయన చేస్తున్నాడు కదా అని ఊరుకునేవాడిని. ముఠాలో గెలలు లెక్కపెట్టి చీటీ రాసేది నేను కాబట్టి అందరూ నన్ను లెక్కలన్న అంటారు. లెక్క రాయడానికి గొంతు అక్కర్లేదు.

ఏటా జెండా పండుగ నాడు దుమ్ముగూడెం వాళ్లతో మాకు ఆట ఉంటుంది. గోదావరి దగ్గర వాళ్ల మైదానంలో. ఒక ఏడు ఆట పెనాల్టీల దాకా పోయింది. సమ్మయ్య కొట్టిన బంతి పోస్టు పై నుంచి పోయింది, ఓడిపోయాం. బండెక్కుతూ చూస్తే సమ్మయ్య లేడు. వాన మొదలైంది. కిరాయి ట్రాలీ ఆయన హారన్ కొడుతున్నాడు.

మేస్త్రీ నన్ను అడిగాడు. "లెక్క సరిపోయిందా?"

"ఒకరు తక్కువన్నా."

"అయితె బండి కదలదు."

వెతకడానికి పోలేదు. ట్రాలీ వెనక తలుపు దించి, దాని మీద కూర్చుని తడుస్తూ ఉన్నాడు. చాలాసేపటికి పర్ణశాల బాట మీద సమ్మయ్య కనిపించాడు, చెప్పులు చేత్తో పట్టుకుని. అందరూ జరిగి చోటిచ్చారు. జానీకి మాత్రం ఉండబట్టలేదు.

"బాల్ దొర్కిందా మామా?"

ముందు నవ్వింది సమ్మయ్యే. తర్వాత బండంతా నవ్వింది. ఆ దారిలోనే అనుకుంటాను, మేస్త్రీ ఎవరితోనో అంటుంటే విన్నాను. "కెప్టెన్ అంటె గెలిపిచ్చెటోడు అనుకుంటరు. గెల్చిన రోజు కెప్టెన్‌తోని పనేంది? ఎవల కాళ్లు వాళ్లను ఇంటికి తీస్కపోతయ్. ఓడిన రోజు అందర్ని బండెక్కిచ్చెటోడు గావాలె."

నిరుడు చలికాలం ఆయన గొంతు బొంగురుపోయింది. మంచు అన్నాడు, తోటలో దుమ్ము అన్నాడు. ఎండలు వచ్చేసరికి గాలి తప్ప మాట రావడం లేదు. గొంతులో పుండు, ముదిరిందని డాక్టర్లు చెప్పారు. ముఠా వదిలేయమని అక్క, అంటే ఆయన భార్య, ఎంతో బతిమాలింది. ఆయన ఒక టేకు కర్ర చెక్కుకుని మర్నాడు తోటకు వచ్చాడు. చెట్టు మొదలు మీద ఒక దెబ్బ కొడితే జరగాలి. రెండు కొడితే కోయాలి. రెండు పూటల్లో అందరికీ అలవాటైంది.

మైదానంలో మా గోల్ పోస్టు ఇనప పైపు. ఉరికే శక్తి పోయాక ఆయన ఆ పోస్టు పక్కన, అంటే నా పక్కన, నిలబడటం మొదలుపెట్టాడు. ఒక దెబ్బ వినపడితే అందరూ వెనక్కి, రెండు వినపడితే ముందుకు. ఎండాకాలంలో పేటలో ఆడుతుంటే రిఫరీ ఆట ఆపి వచ్చాడు.

"ఆ కర్ర ఏంది? పక్కకు పెట్టుండ్రి."

జానీ అవతలి వైపు నుంచి ఉరికొచ్చాడు. "అది కర్ర గాదు సార్. మా కెప్టెన్ గొంతు."

రిఫరీ మేస్త్రీ మెడకు చుట్టుకున్న తువ్వాల వైపు చూశాడు. వెనక్కి పోయి విజిల్ ఊదాడు.

పదకొండో రోజు భోజనాలు అయ్యాక అక్క ఆ కర్ర తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఎవలకియ్యాల్నో నీకే ఎర్క తమ్మీ. నీ పక్కనే గద నిలవడెటోడు."

నాకేం ఎరుక? ఆయన ఎవరి పేరూ చెప్పలేదు. మాట పోయినా వేలితో మట్టిలో రాసి అయినా చెప్పగలిగేవాడు. చెప్పలేదు.

అప్పటి నుంచి నేను కుదురుగా లేను. కర్ర మూలన ఉంది. తింటుంటే కనబడుతుంది, చీటీలు రాస్తుంటే కనబడుతుంది. రేపే దుమ్ముగూడెం ఆట. సమ్మయ్య ఉండే గూడెం వాళ్లు కర్ర సమ్మయ్యకే అంటారు, కోసేవాడు, బలమైనవాడు అని. పేట నుంచి వచ్చేవాళ్లు జానీకి అంటారు, గోల్స్ కొట్టేది అతనే కదా అని. ఇద్దరూ వేరువేరుగా మా ఇంటికి వచ్చారు.

సమ్మయ్య గడప మీద కూర్చున్నాడు, లోపలికి రాలేదు. "నాకే గావాల్నని గాదు లెక్కలన్నా. జానీకిస్తె మావోళ్లు రేపటి సంది పనికి రారు. ఎర్కుండాలె గదా అని చెప్తున్న," అన్నాడు.

జానీ వచ్చి టీ తాగాడు. "మేస్త్రీ నా పేరు చెప్పిండని ఒక్క మాట అను, అన్నా. నీ మాట అబద్ధమని ఎవలంటరు? ఏడాదికి నాలుగు మాటలు మాట్లాడ్తవ్."

ఆ మాట నన్ను తొలిచేసింది. నిజంగానే నమ్ముతారు. ఏదో ఒక పేరు అనేస్తే నా పని అయిపోతుంది. ఆ సాయంత్రానికి ముఠా రెండవుతుంది, టీము రెండవుతుంది. ఒక్క మనిషి తక్కువైతే బండి కదలనీయని ఆయన టీము.

ఈ పొద్దున కోత తిరిగి తిరిగి ఆ చెట్టు దగ్గరికే వచ్చింది. సగం తెగిన గెల మగ్గిపోయి ఎర్రగా ఉంది. పండ్లు ఒకటొకటిగా రాలుతున్నాయి. వాన నీళ్లకు కాడ మెత్తబడింది. అక్క ఈ రోజే మళ్లీ పనికి వచ్చింది. "ఇంట్ల గూసుంటె గోడలు మీదికొస్తున్నయ్," అంది. పండ్లు ఎక్కువ రాలింది ఆ చెట్టు కిందే కదా, తట్ట పట్టుకుని చెట్టు అవతలికి పోయి వంగింది. వేలాడే మట్టల చాటున ఆమె గడ పట్టుకున్నవాడికి కనిపించదు.

సమ్మయ్య గడ ఎత్తాడు.

"ఆగు, ఈ దిక్కు నుంచి గాదు. ట్రాక్టర్ మీద పడ్తది," అన్నాడు జానీ.

"నువ్వు ట్రాక్టర్ చూస్కో. కోత నాది."

"రేపటి సంది ఎవలదో తెలుస్తది లే."

"రేపటి దాంక ఎందుకు, గిప్పుడే తేల్చుకుందం!"

కొందరు కొయ్ అంటున్నారు, కొందరు ఆగు అంటున్నారు. నేను వెనక నిలబడి చీటీ రాస్తున్నాను. వెనక నిలబడ్డవాడికి అన్నీ కనబడతాయి. మట్టల సందులో అక్క చీర కొంగు కనబడింది. కొడవలి కాడకు తగలడం కనబడింది. కర్ర ఇంటి దగ్గర ఉంది.

"జరుగు!"

ఆ అరుపు నాదేనని నాకే వెంటనే తెలియలేదు. ఎందుకంటే ఎవరూ నా వైపు చూడలేదు. అందరూ బాట వైపు చూశారు, మేస్త్రీ రోజూ వచ్చే వైపు. అక్క ఒక్కతే ఎటూ చూడలేదు. తట్ట వదిలేసి పక్కకు దూకింది. గెల తెగి తట్ట మీద పడింది. తట్ట చితికిపోయింది.

అక్క మోకాళ్లకు అంటిన బురద దులుపుకుంటూ లేచింది. నా వైపు తిరిగింది.

"గింత గొంతు పెట్టుకొని ఇన్నేండ్లు యాడ దాచినవ్ తమ్మీ?"

నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. మళ్లీ వంగి, చితికిన తట్ట కింద నుంచి పండ్లు ఏరడం మొదలుపెట్టింది.

సమ్మయ్య చేతిలో గడ ఊగుతుంటే జానీ పోయి కింది కొస పట్టుకున్నాడు. పక్క చెట్టుకు పోయి గడ ఎత్తాక సమ్మయ్య నా వైపు చూశాడు.

"అన్నా, కొయ్యాల్నా, ఆగాల్నా?"

నేను చెట్టు చుట్టూ తిరిగి చూసి వచ్చాను. "జరుగుండ్రి," అన్నాను. తర్వాత "కొయ్," అన్నాను. పని దిగేదాకా చెట్టు చెట్టుకూ అతను అదే అడిగాడు, నేను అదే చెప్పాను. గెలల లెక్క ఈ రోజు నా దగ్గర లేదు. చీటీ ఎవరు రాశారో కూడా చూడలేదు.

వచ్చేటప్పుడు జానీ కర్ర ఎవరికి ఇస్తున్నావని అడగలేదు. "పొద్దుగాల్నే బండి. కర్ర మర్శిపోకు," అన్నాడు, అంతే.

నాకు కాలు నిలవడం లేదు. లేస్తున్నాను, కూర్చుంటున్నాను. చెట్టు కింద ఒక మాట అరవడం వేరు. రేపు ఓడిపోతే ఎవరు ఎటు నడిచిపోతారో, వాళ్లు తిరిగి వచ్చేదాకా బండి ఆపి కూర్చునే ఓపిక నాకుందో లేదో తెలియదు. ఆయన అన్ని నెలలు నా పక్కన నిలబడ్డది పోస్టు అక్కడుందనేనా, ఇంకేమన్నానా, అదీ తెలియదు. అడిగే వీలు లేదు. కర్ర తీసి చూశాను. కొస నలిగి, గోల్ పోస్టు తెల్లరంగు దానికి అంటుకుని ఉంది.

పొద్దు వాలింది. బయట వాకిట్లో సమ్మయ్య, జానీ బంతికి గాలి కొడుతున్నారు. "చాలు, పగుల్తది," అంటున్నాడు ఒకడు. "ఇంకా గట్టి పడాలె, కొట్టు," అంటున్నాడు ఇంకొకడు. మళ్లీ గొంతులు లేస్తున్నాయి.

కర్రతో గుమ్మం మీద ఒక్క దెబ్బ కొట్టాను.

పంపు ఆగింది. సమ్మయ్య చేయి పంపు మీద, జానీ చేయి బంతి మీద అట్లాగే ఉన్నాయి. ఇద్దరూ ఇటే చూస్తున్నారు, ఏం చెబుతానా అని. పోవాలి. గ్లవ్స్ ఇంకా తీగ మీదనే ఉన్నాయి.