జ్వరం దాచిన రోజు

ఆ రోజు పొద్దున్నే పాప ఒళ్ళు వెచ్చగా ఉంది. థర్మామీటర్ అలమారలోనే ఉన్నా తీయలేదు. తీస్తే జ్వరం ఎంతో తెలుస్తుంది, తెలిస్తే ఆఫీసుకు వెళ్ళలేను. ఒక చెంచా జ్వరం మందు తాగించి, తడిగుడ్డతో ముఖం తుడిచి, పౌడర్ రాసి, అశోక్‌నగర్‌లోని మా కిరాయి ఇంటికి తాళం వేసి పాపను చంకనెత్తుకున్నాను. మెడకు ఆనుకున్న ఆ చిన్న నుదురు కాలుతూనే ఉంది. చిక్కడపల్లి చేరేదాకా ఆ వేడిని తెలియనట్టు నటించాను.

తొంభైల మధ్య సంవత్సరాలవి. నారాయణగూడలో ఒక ప్రైవేటు ఆఫీసులో నేను టైపిస్టును. మా ఆయన ఉద్యోగం కరీంనగర్‌లో. శనివారం సాయంత్రం వచ్చి సోమవారం మొదటి బస్సుకు వెళ్ళిపోయేవాడు. పాపకు రెండున్నరేళ్ళు. ఆటలమ్మ పోసినప్పుడే నా సెలవులన్నీ అయిపోయాయి. "ఇంకొక్కసారి రాకుంటే వేరే మనిషిని చూసుకుంటం" అని మేనేజర్ ముఖం మీదే చెప్పాడు.

చిక్కడపల్లి గల్లీలో ఒక పెద్దావిడ తన ఇంటి ముందుగదిలో మాలాంటి తల్లుల పిల్లలను చూసుకునేది. ఒకప్పుడు బడిలో ఆయాగా పనిచేసిందట. భర్త పోయాక ఒంటరిగా ఉండలేక పిల్లలను పోగేసుకున్నానని చెప్పేది. ఇంటికి బోర్డు లేదు. బోర్డులున్న చోట్ల అడిగినంత ఫీజు నేను ఇచ్చుకోలేను. బస్తీలో అంగన్‌వాడీ ఉంది కానీ దాన్ని మధ్యాహ్నానికే మూసేస్తారు. అందుకే ఆమె దొరకడం నా అదృష్టమనుకున్నాను. నేను పెద్దమ్మా అనేదాన్ని, పిల్లలు అమ్మమ్మా అనేవాళ్ళు. ఆమె పెట్టిన షరతు ఒక్కటే. జ్వరం ఉన్న పిల్లను తీసుకురావద్దు. "ఒకలకొస్తే ఆర్గురికంటుతది బిడ్డా, నేనొక్కదాన్నే."

ఆ రోజు గడపలోనే పాపను ఆమె చేతుల్లో పెట్టి, "జర లేటయింది పెద్దమ్మా" అని వెనక్కి తిరగకుండా ఉరికాను. నా వెనక తలుపు పై గొళ్ళెం పడిన చప్పుడు వినిపించింది. ఆ గొళ్ళెం మేము పట్టుబట్టి పెట్టించిందే. అంతకు ముందు ఒక పిల్ల తలుపు తోసుకుని బస్సులు తిరిగే రోడ్డు దాకా వెళ్ళిపోయింది. అప్పటి నుంచి పిల్లల చేతికి అందకుండా అంత ఎత్తున గొళ్ళెం.

ఆఫీసులో టైపు చేసిన ప్రతి కాగితంలోనూ తప్పులే. మందు ప్రభావం పన్నెండింటికి తగ్గిపోతుందని తెలుసు. పెద్దమ్మకు తెలిసిపోతుంది, రేపటి నుంచి తేవద్దంటుంది. నా భయమంతా అదే. మధ్యాహ్నం తిండికి వదలగానే డబ్బా కూడా తెరవకుండా బయలుదేరాను. మళ్ళీ ఒక చెంచా మందు పోసి, ఏదో ఒక మాట చెప్పి తిరిగి వద్దామని.

తలుపు కొట్టాను. ఎవరూ పలకలేదు. మళ్ళీ కొట్టాను. లోపల ఒక పిల్ల ఏడుస్తోంది. అది మా పాప గొంతు కాదు. పక్కనున్న కిటికీ దగ్గరికి వెళ్ళాను. ఇనుప కడ్డీలకు ముఖం ఆనించగానే వాసన కొట్టింది. మాడిన పాల వాసన, దాని వెనకే గ్యాసు వాసన.

కళ్ళు చికిలించి లోపలికి చూశాను.

గదిలో పిల్లలు కనిపిస్తున్నారు. లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. ఆరో పిల్ల, మా పాప, లేదు. మళ్ళీ లెక్కపెట్టాను. ఐదుగురే. వాళ్ళలో నాలుగేళ్ళ పిల్ల అందరికన్నా పెద్దది. కిటికీ దగ్గరికి రమ్మని పిలిచాను.

"అమ్మమ్మ ఏది తల్లీ?"

"పండుకుంది."

"ఎక్కడ?"

"వంటింట్ల. లేపితే లేస్తలేదు."

"మా పాప?"

"అమ్మమ్మ కాడనే పండింది."

ఆ పిల్ల ఏ బెదురూ లేకుండా చెప్పింది. "నేను లైటేసి చూస్తా ఆంటీ" అంటూ గోడవైపు వెళ్ళబోయింది. "వద్దు!" అని నేను అరిచిన అరుపుకు పిల్లలందరూ ఒక్కసారిగా ఏడ్చారు. వెంటనే గొంతు తగ్గించుకున్నాను. స్విచ్ ముట్టుకోవద్దు తల్లీ, ఏదీ ముట్టుకోవద్దు, అందరూ ఈ కిటికీ దగ్గరికి రండి, నా చెయ్యి పట్టుకోండి అని బతిమాలాను. కడ్డీల సందుల్లోంచి ఐదుగురి చేతులు నా వేళ్ళు పట్టుకున్నాయి. నేను వెతుకుతున్న చెయ్యి వాటిలో లేదు.

గల్లీలో మనుషులు చేరారు. కిరాణా దుకాణం ఆయన భుజంతో తలుపును గుద్దాడు. పాతకాలం టేకు తలుపు, కదల్లేదు. గుంపులో ఒకాయన బీడీ కాలుస్తూ నిలబడి చూస్తున్నాడు. నేను వెళ్ళి అతని నోట్లోని బీడీ లాగేసి పక్కనున్న మోరీ నీళ్ళలో పడేశాను. అతను ఏదో అన్నాడు, నాకు వినిపించలేదు.

పక్క స్థలంలో అపార్ట్‌మెంట్ కడుతున్నారు. పాలమూరు నుంచి వచ్చిన కూలివాళ్ళు అక్కడే గుడిసెలు వేసుకుని ఉండేవాళ్ళు. వాళ్ళలో ఒకామె గోడ నీడన కూర్చుని బిడ్డకు పాలిస్తోంది. రోజూ ఆ దారినే వెళ్ళేదాన్ని కానీ ఒక్కనాడూ ఆమె ముఖం చూసి ఎరగను. ఆమె లేచి వచ్చింది.

"ఏమైందక్కా?"

"లోపల గ్యాసు. పిల్లలు. మా పాప వంటింట్లో ఉంది. ఆమె పడిపోయింది."

అంతకన్నా మాట రాలేదు. ఆమె ఇంకేమీ అడగలేదు. బిడ్డను నా చేతుల్లో పెట్టి, "జర వట్టుకో" అంటూనే ఒక గోనెసంచి, గడ్డపార అందుకుని పెరటి గోడ వైపు పరుగెత్తింది. గోడ మీద గాజుపెంకులు నాటి ఉన్నాయి. వాటి మీద సంచి పరిచి, చీర గోచిపోసి, అవతలికి దూకింది.

వంటింటి వెనక తలుపు మీద దెబ్బలు మొదలయ్యాయి. గడ్డపార ఇనుము తలుపు ఇనుముకు తగిలి రవ్వ లేస్తే? ఆపమని అరవాలా? ఆపితే పాప ఎట్లా బయటికొస్తుంది? ఏదీ తేల్చుకోలేక ఎవరి బిడ్డనో గుండెకు అదుముకుని నిలబడ్డాను. ఆ బిడ్డ నా జాకెట్టు గుండీ పట్టుకుని లాగుతోంది. నేను మొక్కాల్సిన దేవుళ్ళ పేర్లు కూడా గుర్తురాలేదు. థర్మామీటర్ ఒక్కటే గుర్తొచ్చింది.

దెబ్బలు ఆగిపోయాయి. తరువాత ఎంతసేపు ఏ చప్పుడూ లేదో ఇప్పటికీ చెప్పలేను. నాకైతే చాలాసేపు.

చివరికి పై గొళ్ళెం కిందికి దిగింది. తలుపు తెరుచుకోగానే పిల్లలు గల్లీలోకి తోసుకొచ్చారు. వాళ్ళ వెనక గోడ దూకిన ఆమె, ఆమె భుజం మీద మా పాప. పాప తల ఒక పక్కకు వాలిపోయి ఉంది. గౌను మీద కక్కిన మరకలు. ఆమె పాపను బయటి గాలిలో అరుగు మీద పడుకోబెట్టి వీపు రుద్దింది. నేను ముట్టుకోవడానికి కూడా భయపడ్డాను.

పాప దగ్గింది. ఇంకోసారి దగ్గి, కళ్ళు తెరవకుండానే ఏడుపు అందుకుంది.

నేను ఎత్తుకోబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "ఏడ్వనీయక్కా. ఏడిస్తెనే మంచిది. గ్యాసు బంద్ జేసిన, కిటికీలు దెరిసిన. ముసలమ్మకు ఊపిరాడుతుంది గని కండ్లు దెరుస్తలేదు. ఆటో వట్టుండ్రి."

ఇద్దరినీ ఆటోలో నారాయణగూడలోని ఒక నర్సింగ్ హోమ్‌కు తీసుకెళ్ళాం. పాప సాయంత్రానికి తేరుకుంది. పెద్దమ్మకు గ్లూకోజ్ ఎక్కించారు. షుగర్ సూది వేసుకుని అన్నం తినలేదట. రక్తంలో చక్కెర పడిపోయి స్పృహ తప్పింది. పొయ్యి మీది పాలు పొంగి మంట ఆరింది, గ్యాసు మాత్రం వస్తూనే ఉంది. ఇంకో అరగంట ఆలస్యమైతే ఏమయ్యేదో డాక్టరు చెప్పాడు. నేను విననట్టు తల తిప్పుకున్నాను.

మర్నాడు పెద్దమ్మ మంచం పక్కన కూర్చుని నిజం చెప్పాను. జ్వరం ఉందని తెలిసే తెచ్చానని చెప్పాను. ఆమె నా వైపు చూసి చిన్నగా నవ్వింది.

"నాకు పొద్దున్నే తెల్సింది బిడ్డా. పౌడర్ రాసి తెచ్చినవ్. రోజు రాస్తవా?"

"తెలిసి ఎందుకు ఉంచుకున్నరు?"

"నువ్వు ఉరికింది జూసిన. ఎన్కకు పిలిస్తే నువ్వేం జేస్తవ్, ఏడికి దీస్కపోతవ్? గందుకే పిల్వలె. పిల్ల ఒళ్ళకెల్లి దిగకపాయె. ఏం దినకపాయె. జరన్ని పాలు తాగుతదేమోనని పొయ్యి మీద వెట్టిన. దాని యావల నేను తినుడు మర్చిన."

నేను దాచిన జ్వరమే ఆమెను ఆ మధ్యాహ్నం అన్నానికి కూర్చోనివ్వలేదు. ఆమె నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండేదనిపించింది.

పెద్దమ్మ కోలుకునేదాకా ఆ గది మూతపడింది. నేను కొన్నాళ్ళు పాపను పక్కింటివాళ్ళ దగ్గర, కొన్నాళ్ళు నల్లకుంటలో మా దూరపు బంధువుల దగ్గర వదిలాను. ప్రతి చోటా ముందు తలుపు గొళ్ళెం చూసేదాన్ని, తరువాత పొయ్యి ఎక్కడుందో చూసేదాన్ని. ఆఫీసులో ఎవరైనా టీ పెడితే చాలు, గ్యాసు వాసన వస్తోందని లేచేదాన్ని.

పెద్దమ్మ ఇంటికొచ్చాక తల్లులమందరం ఆమె అరుగు మీద కూర్చున్నాం. ఒక్క మనిషి చేతిలో ఆరుగురు పిల్లలను పెట్టి మనం నిశ్చింతగా ఉండటం తప్పని నేనే అన్నాను. ఇంకొక మనిషి కావాలి. గోడ దూకిన ఆమెనే అడుగుదామన్నాను. ఒకామె ముఖం చిట్లించింది. "మట్టి పని చేసేటోళ్ళ పిల్లతోని మా పిల్లలు కలిసుండాల్నా?" అని లేచి వెళ్ళింది. ఆమె వెనకే ఇంకొకామె. మిగిలిన వాళ్ళం తలా కొంత వేసుకుని ఆ కూలి తల్లిని పెట్టుకున్నాం. ఆమె తన బిడ్డతో సహా వచ్చింది. మొదటి రోజే పెద్దమ్మ ముందు అన్నం గిన్నె పెట్టి, "నువ్వు దిన్నంకనే పిల్లలకు" అంది. జ్వరం వచ్చిన పిల్లలను లోపలి గదిలో వేరుగా పడుకోబెట్టడం మొదలైంది. ఎవరూ దాచొద్దు, అంతే.

ఒకసారి ఆమెను అడిగాను, అంత గ్యాసులోకి ఎట్లా దూకావు, భయం కాలేదా అని.

"ఎందుకు గాదక్కా, అయింది. గని మాకు రోజు అయ్యేదే. నీళ్ళ సంపు మీద మూత ఉండది. లిఫ్టు గుంతకు అడ్డం ఉండది. పైకెక్కి ఇటుకలందిస్త ఉంటే పానమంత కిందున్న పిల్ల మీదనే ఉంటది. నా బిడ్డ ఈడికొచ్చింది. నాతోని పనిజేసే సోపతోళ్ళ పిల్లలు ఇంక ఆడనే ఉన్నరు."

ఆమె చెప్పిన ఆ మాటలు చాలు. నాకు తెలిసిన పని టైపు ఒక్కటే. మధ్యాహ్నం తిండి వేళలో ఆఫీసు మెషీను మీద ఒక అర్జీ కొట్టాను. కూలివాళ్ళ పిల్లలకు నీడ కావాలి, సంపుకు మూత కావాలి, చూసుకోవడానికి ఒక ముసలామె కావాలి. కింద కూలి తల్లులు వేలిముద్రలు వేశారు, మేము సంతకాలు పెట్టాం. పెద్దమ్మ, నేను వెళ్ళి కాంట్రాక్టరుకు ఇచ్చాం. ఇరవై రోజులు తిప్పుకుని, గల్లీవాళ్ళు కూడా అడగడం మొదలుపెట్టాక, నాలుగు రేకులతో ఒక షెడ్డు వేయించాడు. సంపుకు చెక్కమూత వచ్చింది.

అపార్ట్‌మెంట్ పూర్తయిన రోజు నేను అటుగా వెళ్తుంటే ఆ రేకులు విప్పి లారీకి ఎక్కిస్తున్నారు. ఎక్కడికని మేస్త్రీని అడిగాను. ముషీరాబాద్‌లో కొత్త పని అన్నాడు.

"అక్కడ కూడా పిల్లలకు షెడ్డు వేస్తరా?"

అతను లారీ తలుపు మూస్తూ అన్నాడు. "ఆడ గూడ ఎవలన్న అడిగితే జూస్తం మేడమ్."