రెండో కూటిలో ఎనిమిది మంది

సౌభాగ్యం టీచరు పోయాక ఆమె అటక మీద సామాను దించిన వాళ్ళకు, ఆవిడ చదువు చెప్పిందో సైకిలు షాపు నడిపిందో అర్థం కాలేదు. పాత రిమ్ములు, వంచిన ఇనప తీగలు, డబ్బాల నిండా బేరింగు గుండ్లు, రంగు పూసలు. అవన్నీ పరమాణువులే. కార్బన్ ఏదో, ఆక్సిజన్ ఏదో ఆమె చీకట్లో కూడా తడిమి చెప్పేది.

గుండ్లన్నీ భర్త కొట్టువే. లోకనాథన్‌కు తమిళనాడులోని ధర్మపురిలో హార్డ్‌వేర్ కొట్టు ఉంది. పొద్దున తాళం చెవులు తీసుకుంటూ ఆయన రోజూ ఒక మాట విసిరేవాడు.

"ఏమే, నిన్న ఒక పొట్లం గుండ్లు తగ్గినాయి. ఏ ఊరికి పోయినాయి?"

"ఆక్సిజన్‌లోకి పోయినాయి. మళ్ళా వస్తాయిలెండి."

"చివరికి నీళ్ళల్లో కలిసిపోయినాయి అంటావు. నాకు తెలీదా!"

ఆమె పుట్టింది నల్లంపల్లిలో, వేరుశనగ వ్యాపారం చేసే ఇంట్లో. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. తెలుగు అక్షరం ఒక్కటీ చదవలేదు, కానీ తిట్టినా లాలించినా తెలుగులోనే. చిన్నప్పుడు పుస్తకంలో పరమాణువు బొమ్మను అర్థం కాకుండానే బట్టీపట్టి మార్కులు తెచ్చుకుంది. ఆ మార్కులు తలుచుకుంటే పెద్దయ్యాక కూడా ఆమెకు కొంచెం సిగ్గుగా ఉండేది. అందుకే హైవే పక్కన ఉన్న బడిలో సైన్సు టీచరుగా చేరినప్పటి నుంచి, పిల్లలు చేత్తో పట్టుకోనిది ఏదీ నేర్చుకున్నట్టు లెక్క వేసేది కాదు.

ఆ బడిలో తొమ్మిదో తరగతికి మాదేశ్వరి వచ్చింది. వాళ్ళదీ తెలుగు ఇల్లే. తండ్రి మాదయ్య, తల్లి సరసు బెంగళూరులో కట్టడం పనికి పోతారు. పిల్ల అవ్వ దగ్గర ఉండి చదువుకునేది. క్లాసులో నోరు విప్పదు. పొంగలికి ఊరికి వచ్చిన మాదయ్య బడి దాకా వచ్చి, వరండాలో నిలబడే చెప్పాడు.

"పరీక్షలైనాక పిల్లని పిల్చుకోని పోతాను టీచరమ్మా. దానికి చదువు ఎక్కలేదు. ఆడ మా గుంపుకి వండిపెట్టే మనిషి లేదు."

"తొమ్మిదో క్లాసులో ఆపేస్తావా మాదయ్యా?"

"ఎక్కింటే ఆపను. ఎక్కిందని మీరు చెప్పండి, ఆపను."

సౌభాగ్యం చెప్పలేకపోయింది. ఆ పిల్ల సైన్సు పేపరు దాదాపు ఖాళీగా ఆమె బల్ల మీదే ఉంది. అబద్ధం చెప్పి పిల్లను నిలబెట్టడం ఆమెకు చేతకాదు. పరీక్షల లోపల ఆ మాట నిజంగా చెప్పగలగాలి. మిగిలిన దారి అదొక్కటే.

పొంగలి పోయిన మరుసటి నెల, మాసిలో, పరమాణువు పాఠం వచ్చింది. బల్ల మీద తీగ చుట్ల నమూనా పెట్టింది. నడుమ మట్టి ముద్ద, చుట్టూ వలయాలు, వలయాలకు గుచ్చిన పూసలు. తమిళ పాఠంలో ఆ వలయాన్ని కూడు అంటారు, నడుమ ఉన్న కేంద్రకాన్ని కరు అంటారు. రెండో కూటిలో ఎన్ని ఎలక్ట్రాన్లు పడతాయని తమిళంలోనే అడిగింది. వెనక వరసలోంచి మాదేశ్వరి లేచింది.

"ఎనిమిది మంది టీచర్. ముందు కూర్చున్న ఇద్దరికీ పెట్టినాకే."

క్లాసంతా గొల్లుమంది. "ఎలక్ట్రాన్‌కి సాంబారా రసమా?" అని సెల్వరాజ్ అనే పిల్లవాడు అడిగాడు. మాదేశ్వరి కూలబడింది.

బెల్లు కొట్టాక సౌభాగ్యం ఆమెను ఆపి తెలుగులో అడిగింది. "పెట్టేది ఏమే? ఎవరికి?"

"కూడు టీచర్. మొదటి కూడు ఇద్దరికే అని మీరే కదా చెప్పినారు. పొయ్యి పక్కన ఇద్దరే పడతారు. వాళ్ళు కూర్చున్నాకనే రెండో బంతి, ఎనిమిది మందికి. మిగిలినోళ్ళు మూడో బంతికి కాచుకోవాల."

"పొయ్యి యాడుంది?"

"నడుమన ఉండేది పొయ్యే కదా? కరు అన్నారు. మసి పట్టి నల్లగా, కర్రగా ఉంటుంది కదా, అదనుకొన్నాను."

సౌభాగ్యానికి నవ్వు వచ్చింది గానీ సగంలోనే ఆగిపోయింది. తానూ ఇంట్లో మూడు పూటలా కూడు అనే మనిషే. క్లాసులో అదే మాట అన్నేళ్ళుగా అంటూ ఒక్కసారి కూడా దాన్ని తెలుగు చెవితో వినలేదు. ఎంతమంది తెలుగు పిల్లలు ఆ వలయాల ముందు ఆకులు పరిచి కూర్చుని, ఎవరికీ చెప్పక, సున్నా తెచ్చుకుని వెళ్ళిపోయారో.

"అది తినే కూడు కాదే. తమిళంలో కూడు అంటే పిట్ట గూడు."

"మన గూడేనా? ఆ మాట ముందే చెప్పొచ్చు కదా టీచర్!" అంది కోపంగా. తర్వాత గొంతు తగ్గింది. "అయితే నాకు తెలిసిందంతా తప్పేనా?"

"మాట తప్పు. నువ్వు కూర్చోబెట్టిన వరస మాత్రం సరిగ్గానే ఉంది."

మర్నాడు తీగ నమూనా బల్ల కిందికి పోయింది. మైదానంలో సున్నంతో రెండు పరమాణువులు గీశారు. ఒకటి సోడియం, పక్కన క్లోరిన్. ఒక్కొక్క దాని నడుమ రాళ్ళ పొయ్యి, చుట్టూ మూడు వలయాలు. మోదుగాకుల విస్తళ్ళు పరిచి పిల్లలను బంతులుగా కూర్చోబెట్టింది. సోడియంలో లోపల ఇద్దరు, తర్వాత ఎనిమిది మంది, బయటి బంతిలో ఒక్కటే మాదేశ్వరి. క్లోరిన్ బయటి బంతిలో ఏడుగురు, ఒక ఆకు ఖాళీ.

"నిజంగా ఎలక్ట్రాన్లు ఇట్ల కూర్చోవు. వాటికి ఒక చోటంటూ చెప్పలేం," అని ముందే హెచ్చరించింది. "వరస కోసమే ఈ ఆట."

అప్పుడే గేటు దగ్గర మాదయ్య, సరసు కనిపించారు. బెంగళూరులో కొత్త సైటు మొదలైందట. పరీక్షల దాకా ఆగేట్టు లేదు, పిల్లను ఈ పూటే తీసుకుపోవాలని వచ్చారు. బంతుల వైపు చూసి మాదయ్య నవ్వాడు.

"ఏం టీచరమ్మా, ఆకులుండాయి, కూడు లేదే?"

"రవ్వంత సేపు ఉండు మాదయ్యా." పిల్లల వైపు తిరిగింది. "బయటి బంతిలో ఒంటిగా ఉండేది లేచి, పక్కింట్లో ఖాళీ ఆకు దగ్గరికి పోతుంది. అప్పుడే ఉప్పు పుడుతుంది. లే మాదేశ్వరీ."

మాదేశ్వరి లేవలేదు. తండ్రి వైపు చూసింది.

"నేను పోను టీచర్."

"పోకపోతే ఉప్పు ఎట్ల వస్తుందే?" అన్నాడు సెల్వరాజ్.

"ఎప్పుడూ కడా బంతిలో వాళ్ళే ఎందుకు పోవాల? పొయ్యి పక్కన కూర్చున్నోళ్ళు పోరా?"

ఆ పిల్ల అడిగింది పాఠమే, పాఠం ఒక్కటే కాదు కూడా. పాఠానికైతే జవాబు ఉంది. సౌభాగ్యం అదే చెప్పింది.

"పొయ్యికి దగ్గరగా ఉండేవాళ్ళను పొయ్యి గట్టిగా పట్టుకుంటుంది. దూరం పోయే కొద్దీ పట్టు తగ్గుతుంది. అందుకే కడా బంతి వాళ్ళు కదులుతారు. ఉప్పయినా, తుప్పయినా, సున్నమైనా, లోకంలో కలిసేదీ విడిపోయేదీ అంతా వాళ్ళ వల్లనే."

మాదేశ్వరి లేచింది. క్లోరిన్ వైపు పోకుండా, సోడియంలో లోపలి బంతిలో ఉన్న సెల్వరాజ్ దగ్గరికి వచ్చి నిలబడింది.

"నువ్వు పో. నేనీడ కూర్చుంటాను."

"ఏం, నీకు పొయ్యి పక్కన సీటా?" అంటూనే వాడు ఎగురుకుంటూ ఖాళీ ఆకు దగ్గరికి పరుగెత్తాడు. పిల్లలు ఉప్పు పుట్టిందని చప్పట్లు కొట్టారు. ఎలక్ట్రాన్లకు పేర్లుండవు, ఎవరు పోయినా బయటి బంతి ఖాళీ అయితే చాలని సౌభాగ్యం ఆపలేదు.

మాదయ్యకు ఏమీ బోధపడలేదు. "ఇదేం ఆటమ్మే?" అని కూతుర్ని అడిగాడు. మాదేశ్వరి కూర్చున్న చోటు నుంచే, తెలుగులో, మొదటి నుంచి చెప్పింది. పొయ్యి ఏమిటో, బంతులు ఏమిటో, వాడెందుకు పరుగెత్తాడో, ఈ కూడు మన కూడు ఎందుకు కాదో. ఎక్కడా తడుముకోలేదు. ఆ పిల్ల అంతసేపు మాట్లాడగా సౌభాగ్యం అంతకు ముందు వినలేదు. మాదయ్య విని, సున్నం గీతల్ని కాసేపు చూశాడు.

"ఎక్కింది మాదయ్యా," అంది సౌభాగ్యం. "ఇప్పుడు చెప్తా ఉండాను."

అతను పెళ్ళాం వైపు తిరిగాడు. "మరి వంట?"

"ఇన్ని దినాలు ఎవరు వండినారు? నేనే కదా," అంది సరసు.

"పదో క్లాసు దాకానే," అన్నాడు మాదయ్య. "ఆపైన అడగొద్దు టీచరమ్మా."

ఆపైన కూడా అడగాలని సౌభాగ్యానికి నాలుక చివర దాకా వచ్చింది. అడగలేదు. సరసు అప్పటికే తన సంచీ విప్పి, ప్రయాణానికని సర్దిన పిల్ల గుడ్డల్ని ఒక్కొక్కటే తీసి కూతురి విస్తరాకు పక్కన పెడుతోంది.