గాడిలో పెట్టిన గుండ్రటి బ్లేడు

అప్పట్లో, అంటే డెబ్బైల్లో, మా తిరువూరులో బియ్యెస్సీ చదివే ఆడపిల్లలు తక్కువ. అందుకని నాకు తెలియనివి కూడా తక్కువే అనుకునేదాన్ని. పప్పులో ఉప్పు ఎంతెయ్యాలో నాయనమ్మకీ, బస్సు ఎక్కడ ఆపాలో డ్రైవరుకీ నేనే చెప్పేదాన్ని. (ఇప్పుడూ చెబుతాను. వినేవాళ్లే తగ్గారు.)

ఆ వేసవి సెలవుల్లో మా కొత్త గదులకి తలుపులు చెయ్యడానికి విస్సన్నపేట నుంచి ఒక వడ్రంగి వచ్చారు. అందరూ పేట ఆచారి అనేవాళ్లు. చిత్రిక బ్లేడులన్నీ పాత పంచె ముక్కలో వరసగా చుట్టి తెచ్చుకునేవారు. పొద్దున్నే వాటికి దణ్ణం పెట్టుకుని, ఏ కోతకి ఏది కావాలో వేలితో తడిమి తీసేవారు. నేను పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను, పర్యవేక్షణకి.

"ఇన్ని ఎందుకండీ? అన్నీ ఇనుమే కదా. చెక్కని కోసేది పదును, ఆకారం కాదు."

"గాడికి సన్నగా, తిన్నగా ఉండేది పెట్టాలి అమ్మాయిగారూ. ఈ గుండ్రటిది అంచుల నగిషీకి. మార్చి పెడితే గాడిలో పలక నిలవదు," అన్నారాయన.

"అదంతా మీ అలవాటు. శాస్త్రం కాదు."

"సరేనమ్మా," అని అన్నానికి వెళ్లిపోయారు.

ఆ 'సరేనమ్మా'కి నాకు ఒళ్లు మండింది. గుండ్రటి బ్లేడు చిత్రికలో బిగించి, తలుపు చట్రానికి ఆయన సగం తీసిన గాడి మీద నాలుగుసార్లు బలంగా తోశాను. టేకు అంచు పెళ్లున లేచిపోయింది. గాడి గరిటె గుంటలా తయారైంది.

ఆయనా, నాన్నా ఒకేసారి వచ్చారు. "ఏంటి ఆచారీ ఇది? నిన్ను నమ్మి టేకు చేతికిస్తే?" అన్నారు నాన్న.

ఆచారిగారు చిత్రికలో బ్లేడు చూశారు. నా చేతికి అంటిన పొట్టు చూశారు. నేనేమైనా చెబుతానేమోనని కాస్త ఆగారు కూడా. (ఆ ఆగడమే నన్ను ఇంకా వదల్లేదు.) ఎవరి మాటకీ ఊరుకోని నా నోరు ఆ క్షణాన పెగల్లేదు.

"చెయ్యి జారిందండి," అన్నారాయన.

మిగతా తలుపులకి ఎ.కొండూరు నుంచి ఇంకొకాయన్ని పిలిపించారు నాన్న. ఆచారిగారు ఆ ఒక్క తలుపూ, గాడిలో సన్నటి బద్ద దూర్చి, పూర్తి చేసి ఇచ్చారు. వెళ్లేముందు బ్లేడులు చుట్టుకుంటూ, నాకు మాత్రమే వినపడేలా, "గుండ్రటిది అంచుకమ్మా. ఇక మర్చిపోరు లెండి," అన్నారు. గొంతులో కోపం లేదు. ఉంటే వాదించి ఉండేదాన్ని.

ఆ తలుపు ఇంకా ఉంది. గాలి వీస్తే పలక టకటకలాడుతుంది. "మార్పించేద్దామా అక్కా?" అంటాడు తమ్ముడు, నేను పుట్టింటికి వెళ్లినప్పుడల్లా. ప్రతిదానికీ పది కారణాలు చెప్పే నేను, దీనికి మాత్రం కారణం చెప్పకుండా వద్దంటాను. ఆ ఇంట్లో నా నోరు మూయించగలిగింది అదొక్కటే. దాన్ని మాట్లాడనీ.