మస్తాన్ గారి స్క్రీన్ వైపు వెళ్లిపోయే విండో

దెయ్యాల్ని నేను ఏనాడూ నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా చెప్పను. పదేళ్లుగా కంప్యూటర్లు బాగుచేస్తున్నవాణ్ణి. "దానంతటదే అయిందండీ" అని ఎవరన్నా అంటే ముందు వైరు చూస్తాను, తర్వాత ఆ మనిషి ముఖం చూస్తాను. రెండింటిలో ఒకచోట తప్పు దొరుకుతుంది.

నల్లపాడు దగ్గర ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో కంప్యూటర్ల పని నాది. లైసెన్సు ఖర్చు ఉండదని లైనక్స్ ఎక్కించింది నేనే. ఒక కంప్యూటరుకు మూడు స్క్రీన్లు పెట్టాం. మధ్యది బస్తాల రిజిస్టరుకు, కుడిది గేటు కెమెరాలకు. ఎడమది ఆపరేటరు మస్తాన్ వలి గారిది. ఏ ఛాంబర్లో ఎంత చల్లదనం ఉందో చూపించే విండో దాని మీద ఎప్పుడూ తెరిచే ఉండేది.

మస్తాన్ గారు అక్కడ పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్నారు. ఆయనకో అలవాటు ఉంది. రోజూ పదిన్నరకు టీ తాగొచ్చి ఆ స్క్రీన్‌ను కౌంటరు వైపు తిప్పేవారు. రైతులు వచ్చి ఎవరి ఛాంబరు వాళ్లు చూసుకుని వెళ్లేవాళ్లు. "కాయ వాళ్లది. ఎట్టా ఉందో వాళ్లకి కనపడొద్దా?" అనేవారు.

మా ఓనరు గారికి అది గిట్టేది కాదు. ఒక డిగ్రీ పెరిగినా రైతులు కౌంటరు మీద పడి అరిచేవాళ్లు మరి. ఒక మధ్యాహ్నం నన్ను పిలిచి, ఆ స్క్రీన్ తీసి మేడ మీద తన గదిలో పెట్టమన్నారు. విండోను మధ్య స్క్రీన్‌లోనే చూసుకుంటారులే అన్నారు.

కేబుల్ పీకేశాను. సెట్టింగ్స్ మాత్రం మార్చలేదు. బద్ధకం, అంతే. మూడో స్క్రీన్ ఇంకా ఉందనుకుని కంప్యూటరు ఆ విండోను అక్కడే, ఎవరికీ కనపడని చోట తెరుస్తోంది.

సాయంత్రం మస్తాన్ గారు ఫోన్ చేశారు. "శీనూ, నా విండో కనపడట్లేదయ్యా. తెరుస్తుంటే తెరుచుకుంటానే ఉంది, యాడికి పోతందో అర్థం కావట్లా." రేపొచ్చి చూస్తాలెండి అన్నాను. మర్నాడు చుట్టాల పెళ్లికి వెళ్లాను.

చల్లదనం పోతుందని ఛాంబరు తలుపులు ఊరికే తెరవనివ్వరు. అందుకే మూడో ఛాంబర్లో ఫ్యాన్లు ఆగిన సంగతి రెండు రోజుల దాకా ఎవరికీ తెలియలేదు. తలుపు తీసేసరికి బస్తాలు చెమ్మగిల్లి, కాయ రంగు తిరిగిపోయి ఉంది.

"విండో మూసేసి నిద్రపోయాడు" అని ఓనరు గారు రైతులందరి ముందు మస్తాన్ గారిని తిట్టి, ఆ రోజే పనిలోంచి తీసేశారు. మస్తాన్ గారు నా వైపు చూశారు. నేను వైర్లు సర్దుతున్నవాడిలా బల్ల కిందికి వంగాను.

ఆ ఎండాకాలం దాటకుండానే ఆయన గుండెపోటుతో పోయారు. నేను చూడటానికి కూడా వెళ్లలేదు. ఏ ముఖం పెట్టుకుని వెళ్లను?

తర్వాత కొత్త కంప్యూటరు కొన్నారు. డిస్కు కొత్తది, లైనక్స్ మళ్లీ మొదటి నుంచి ఎక్కించాను, పాత ఫైలు ఒక్కటీ తేలేదు. దానికి మొదటి నుంచీ రెండే స్క్రీన్లు.

వారం తిరక్కముందే మొదలైంది. రోజూ పదిన్నరకు ఆ చల్లదనం విండో ఒక్కటే మాయమయ్యేది. ఎక్కడుందో కమాండుతో అడిగితే మైనస్ 1920 అని చూపించేది. అంటే ఎడమ అంచు దాటి, సరిగ్గా ఒక స్క్రీన్ వెడల్పు అవతల. వెనక్కి లాగేవాణ్ణి. మర్నాడు మళ్లీ అక్కడికే పోయేది. సెట్టింగ్స్ అన్నీ తుడిచి మళ్లీ పెట్టాను. మౌస్ మార్చాను, కీబోర్డు మార్చాను. కంప్యూటరు తనలో జరిగింది రాసుకునే లాగ్ ఫైళ్లలోనూ ఏమీ లేదు.

ఒకరోజు ఒళ్లు మండి, మేడ మీది స్క్రీన్‌ను కిందికి తెచ్చి ఎడమ పక్కన పెట్టి కేబుల్ గుచ్చాను. విండో దాని మీదే ఉంది. ఎప్పుడూ మొదటి ఛాంబరుతో తెరుచుకునేది, ఆ రోజు మూడో ఛాంబరు చూపిస్తోంది. ఆరు డిగ్రీలు ఉండాల్సిన చోట పద్నాలుగు.

పరిగెత్తాను. ఫ్యాన్లు ఆగిపోయి ఉన్నాయి. మెకానిక్కును పిలిపించి బాగుచేయించాం. కాయకు ఏమీ కాలేదు.

ఓనరు గారు రైతుల ముందే నా భుజం తట్టారు. "ఆ మస్తానుకి ఈ శీనుగాడి బుద్ధిలో సగం ఉన్నా, ఆ రోజు మీ కాయ పోయేది కాదయ్యా" అన్నారు. రైతులు అవునని తలలూపారు. అప్పుడన్నా చెప్పొచ్చు, ఆ తప్పు నాదేనని. చెప్పలేదు. నవ్వాను కూడా.

ఆ విండో అటు ఎలా వెళ్లేదో తెలిసినవాళ్లందర్నీ అడిగాను. ఎవరూ చెప్పలేకపోయారు. నాకూ ఇప్పటికీ తెలియదు. నేను నోరు ఎందుకు తెరవలేదో మాత్రం తెలుసు. ఉద్యోగం పోతుందని.