పెద్దక్క పడుకోని గది ఆ లైన్లో లేదు

పెద్దక్క పోయిందన్న కబురు నాకు రెండు ముక్కలుగా వచ్చింది. పొద్దున టీకొట్టు ఆమె వచ్చి, "అవ్వా, పెద్దక్క ఆస్పత్రిలో పాయె" అని చెప్పింది. నేను కొప్పు ముడుచుకుని చెప్పులు వేసుకునే లోపలే మళ్ళీ పరుగెత్తుకొచ్చింది. "ఇంటికి పోవద్దు అవ్వా, రోడ్డుకే పో. బాడుగ ఇంటాయన గేటుకు పూట్టు ఏసి తాళంచెవి దగ్గర పెట్టుకున్నాడు. ఆమెను లోపలికి ఎత్తనీలే."

మొదటి ముక్కకు నేను ఏడవలేదు. ఆమెకు వయసైంది, నాకూ అయింది. రెండో ముక్కకు వచ్చిన ఏడుపు ఇంకా ఆగలేదు. మన తెలుగు సంఘం పుస్తకంలో వేయడానికి ఆమె గురించి నాలుగు మంచి మాటలు చెప్పమన్నారు. నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. మంచి మాటలున్నాయి, తక్కినవీ ఉన్నాయి. ఏదీ తీసేయకుండా వేయండి.

మిల్లు వెనక పెంకుటిళ్ళ వరస ఉండేది. లైన్ అనేవాళ్ళం. దాన్ని యజమాని దగ్గర మొత్తంగా గుత్తకు తీసుకుని, గదులు గదులుగా మాకు బాడుగకిచ్చిన మనిషి పెద్దక్క. గోడలు ఆమెవి కావు. తాళంచెవులు మాత్రమే ఆమెవి.

నేను అక్కడికి ఎలా వచ్చానో చెబుతాను. నాకప్పుడు కడుపు. మా అత్తకు ఊపిరి ఎగబోస్తోంది. అప్పుడున్న ఇంటి యజమానురాలు వాకిట్లో నిలబడి, "ముసలామె ఈడ పాయిందంటే అప్పురం ఈ ఇంటికి ఎవరు బాడుగకొస్తారు? మీ ఊరికి ఎత్తకపోండి" అంది. మాకు వేరే ఊరెక్కడిది? ఎన్ని తరాల కిందటో తెలుగునాడు వదిలి ఈ అరవ ఊరికి వచ్చినవాళ్ళం. మా ఆయన వాళ్ళమ్మను తోపుడుబండిలో పడుకోబెట్టి వీధి వీధి తోశాడు. తలుపు తీసిన వాళ్ళంతా ముందు "మీరు ఏమి ఆళ్ళు?" అని కులం అడిగారు. అది దాటినా, బండిలోకి తొంగి చూసి తలుపు వేసుకున్నారు.

పెద్దక్క కూడా తొంగి చూసింది. మా ఆయన్ను ఒక్కటే అడిగింది.

"ఏ షిఫ్టు?"

"పగలు షిఫ్టు అక్కా."

"సరి, ముందు ఆమెను పండబెట్టు. బాడుగ అప్పురం మాట్లాడదాం. తలుపు కాడ పెట్టు, గాలి రానీ."

ఆ వారంలోనే మా అత్త ఆ తలుపు దగ్గరే పోయింది. కొడుకు చేతి నీళ్ళు తాగి పోయింది. ఆస్పత్రి వరండాలో కాదు, బండిలో కాదు.

తర్వాత ఆ గదిలో పడుకోవడానికి నాకు భయం వేసింది. మన వైపు చావు జరిగిన బాడుగ గది అంటే అంతే, ఉన్నవాళ్ళు ఉండలేరు, కొత్తవాళ్ళు రారు. ఖాళీగా పెడితే యజమానికి గుత్త కట్టలేరు. అందుకే మిగతా ఇళ్ళవాళ్ళు రోగం ముదిరిన మనిషిని ముందే బయటికి తోస్తారు. పెద్దక్క మాత్రం దినాలయిన మర్నాడు తన మంచం, పొయ్యి, చీరల పెట్టె మోసుకుని మా గదికి వచ్చేసింది. తన గది మాకిచ్చింది.

"అక్కా, మా అత్త దయ్యమై వస్తే?" అని అడిగాను.

"రానీవే. వచ్చిందంటే ఆమె కాడా బాడుగ అడుగుతా."

ఆమె వదిలిన గదిలోనే నా బిడ్డ పుట్టింది. ఆ లైన్లో ఎవరు పోయినా ఆమె ఇదే చేసింది. మంచం అలా తిరిగి తిరిగి, ఆమె పడుకోని గది అక్కడ లేకుండా పోయింది. ఒకసారి ఎవరో ఎగతాళి చేస్తే చెప్పింది. "ఇల్లంటే పుట్టేదానికీ సచ్చేదానికీనే. మజ్జలో నిద్దరపోయేదానికి మిల్లు గోడ సాలు."

దేవత అని చెప్పడం లేదు. నోరు చెడ్డది. కొళాయి దగ్గర ఒక బిందె ఎక్కువ పట్టుకుంటే మూడు తరాలనూ తిట్టేది. మిల్లు మూతపడిన నెలల్లోనూ బాడుగ మాఫీ అని ఎన్నడూ అనలేదు. "తెరిచినాక ఇయ్యండి" అంది, తెరిచినాక మొహమాటం లేకుండా అడిగి తీసుకుంది. కానీ ఆ నెలల్లో ఒక్కరి సామాను కూడా వాకిట్లో పడలేదు. యజమాని మనిషి వచ్చి అరిస్తే, "గుత్త నాది, తిట్లూ నాకే. వాండ్ల తలుపు తట్టావంటే చూడు" అని వెనక్కి పంపింది. గుత్త కట్టడానికి తన గదిని వేరే మిల్లులో పగలు షిఫ్టు చేసే అమ్మాయిలకు బాడుగకిచ్చి, తను వాకిట్లో పడుకుంది. అందరం చూశాం. వానలో కూడా చూశాం.

యజమాని పోయాక ఆర్.ఎస్. పురంలో ఉండే అతని పిల్లలు లైను అమ్మేశారు. మాలో కొందరు దూరంగా అన్నూరు వైపు పోయారు, కొందరం ఇక్కడే దొరికిన చోట దూరాం. పెద్దక్క ఒక గేటున్న ఇంట్లో వెనక పోర్షన్‌కు పోయింది. ఆ ఇంటాయన మన తెలుగాయనే.

ఆ రోజు నేను పోయేసరికి ఆస్పత్రి వ్యాను గేటు ముందు ఉంది. పెద్దక్కకు పిల్లలు లేరు. తమ్ముడి కొడుకు గేటు పట్టుకుని బతిమాలుతున్నాడు. ఇంటాయన లోపలి నుంచే నాతో అన్నాడు.

"కోపించుకోవద్దు అవ్వా. ఇంట్లో పెండ్లి కావాల్సిన బిడ్డ ఉండాది. పొణాన్ని లోపలికి ఎత్తకూడదు. ఇట్లే సుడుకాటికి తీసకపోతే అందరికీ మర్యాద."

"ఆమె బాడుగ ఇయ్యలేదా నీకు?"

"ఇచ్చినాది. బతికేదానికి ఇచ్చినాది."

అక్కణ్ణుంచి మన సంఘం కల్యాణ మండపానికి నడిచాను. వరండా ఒక్క పూట ఇమ్మన్నాను. మీ సెక్రటరీ, "ఎల్లుండి ముహూర్తం ఉండాది అవ్వా, పెండ్లోళ్ళు ఏమనుకుంటారు? మాకు మనసు లేక కాదు" అన్నాడు. "మనసు ఉండాది, వరండా లే. అంతేనాప్పా?" అని అడిగాను.

చివరికి టీకొట్టు బల్ల రోడ్డు మీదకు లాగి దాని మీద పడుకోబెట్టాం. కొళాయి గేటు లోపల ఉంది. నీళ్ళు కూడా టీకొట్టువే. అన్నూరు నుంచి మా లైన్ ఆడవాళ్ళు వచ్చారు. చుట్టూ నిలబడి చీరలు అడ్డంపట్టి, బస్సులు పోయే రోడ్డులో ఆమెకు స్నానం పోశాం. గాలికి చీర లేచినప్పుడల్లా ఎవరో ఒకరు "పట్టుకోవే, గట్టిగా పట్టుకో" అని అరుస్తున్నారు.

ఇప్పుడు ఆమె ఫోటోకు ఫ్రేము కట్టించి మండపంలో పెడతామంటున్నారు. ఆ పూట దొరకని మండపంలోకి ఇప్పుడు గాజు కింద పోవాలట. వద్దు. మండపం వెనక ముళ్ళు మొలిచిన స్థలం సంఘానిదే కదా. అక్కడ గదులు కట్టండి. మిల్లు పని పోయినవాళ్ళు ఇవ్వగలిగిన బాడుగ పెట్టండి. పని లేని నెలలో సంఘం వేసుకుని, పని దొరికినాక ఆమెలాగే గట్టిగా అడిగి తీసుకోండి. పత్రంలో ఒక్క మాట రాయించండి, ఈ గదిలో పుట్టవచ్చు, చావవచ్చు అని. ఉన్న ఒక్క ఫోటో నా దగ్గరుంది. గది లేస్తే ఇస్తాను. లేదంటే నాతోనే వస్తుంది.

అసలు ఫోటో తీయాల్సింది ఆ రోజు మధ్యాహ్నం. మగవాళ్ళు ఆమెను ఎత్తుకుని పోయారు. ఎత్తిన తర్వాత ఇల్లు కడిగి, తల ఉన్న చోట దీపం పెట్టాలి, అది ఇంటి ఆడవాళ్ళ పని. మాలో చిన్నది చీపురు పట్టుకుని, "ఏడ కడిగేది అవ్వా?" అని అడిగింది. రోడ్డునే కడగమన్నాను. బల్ల తీసి, ఆమె తల ఉన్న చోట తారు మీద దీపం పెట్టి, గాలి తగలకుండా చుట్టూ కూర్చున్నాం. ఇరుకు రోడ్డు. టౌన్ బస్సు వచ్చి ఆగి హారన్ కొట్టింది. డ్రైవరు తల బయటపెట్టాడు.

"ఏమ్మా, నడి రోడ్డులో కూసున్నారు?"

"సావు ఇల్లప్పా ఇది," అన్నాను. "సుట్టి పో."

బస్సు ఒక పక్క చక్రాలు కాలవ మట్టిలోకి దించి, బాగా ఒరిగి, మెల్లగా మమ్మల్ని చుట్టి పోయింది. కిటికీల్లో జనం కూడా దానితోపాటు ఒరిగి, మా నడుమ ఏముందా అని కిందికి చూస్తూ పోయారు.